సొంత చేలో గురి కొట్టాలనుకున్న మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. బెంగళూరులో స్నేహితుడు రేంజ్‌కు, అంటే గురి కొట్టే చోటికి, తీసుకుపోతే రెండు ఆదివారాలు రైఫిల్ కాల్చి వచ్చావు, అది నీకు బాగా పట్టుకుంది. బద్వేలు దగ్గర మీ అమ్మ వాటాకు వచ్చిన నాలుగెకరాలు ఎలాగూ బీడు పడి ఉంది. అక్కడ అట్టముక్క నిలబెట్టి గురి నేర్చుకుంటానంటున్నావు. "మన భూమిలో మనం కాల్చుకుంటే ఎవరేమంటారు మామా?" అన్నావు. ఫోన్లో జవాబు చెబితే "ఊ, ఊ" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావని తెలుసు. అందుకే రాస్తున్నా, కూర్చుని చదువు.

ముందు సంగతి చెప్పేస్తా. గాలి తుపాకి అయితే కాల్చుకో, నేనే దగ్గరుండి చూపిస్తా. మందు పేల్చే తుపాకి అయితే మన చేలో వద్దు.

నేను వకీలును కాను. మా నాయన తర్వాత ఇంట్లో ఉన్న 12 బోరు తుపాకి (ఒక్క దెబ్బకు చిన్న గుళ్లు చిమ్మేది) లైసెన్సు నా పేరు మీదికి మార్పించుకుని, ముప్పై ఏళ్లకు పైగా ఆ పుస్తకం పట్టుకుని స్టేషనుకూ కలెక్టరాఫీసుకూ తిరిగిన రైతును. అలా తిరిగి తెలుసుకున్నదే చెబుతున్నా.

నువ్వు యూట్యూబ్‌లో చూసేది అమెరికా వాళ్ల పొలాలు. అక్కడి లెక్క వేరు. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం నీ పాసుపుస్తకం అడగదు. తుపాకి ఎవరిది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఏ పని కోసం ఇచ్చారు, ఇవే అడుగుతుంది. ఆత్మరక్షణకు ఇస్తారు, పంట కాపాడుకోవడానికి నోటి నుంచి మందు కూరే తుపాకికి ఇస్తారు. గురి నేర్చుకోవడానికని 0.22 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) రైఫిలుకు కూడా ఇస్తారు. కానీ అది కేంద్ర ప్రభుత్వం గుర్తించిన క్లబ్బులో సభ్యుడికే అని చట్టం 13వ సెక్షనులో ఉంది. అంటే గురి నేర్చుకోవాలంటే చట్టం నిన్ను క్లబ్బు దారి పట్టమంటోంది, చేను దారి కాదు. ఏ పనికని రాయించుకుని ఇంకో పనికి వాడితే షరతు తప్పినట్టే. పుస్తకం వెనక్కి తీసుకోవచ్చు, 30వ సెక్షను కింద కేసు కూడా పెట్టొచ్చు. ఇక "నలుగురు స్నేహితుల్ని పిలిచి చేలోనే రేంజ్ పెడతా" అన్నావే, షూటింగు రేంజ్‌కు విడిగా లైసెన్సు కావాలి. ఆ మాట మళ్లీ ఎత్తకు.

ఇంకొకటి అడిగావు, నవ్వుతూనే అనుకో. "నీ తుపాకి ఉంది కదా మామా, నువ్వు పక్కనుంటే నేను రెండు కాలుస్తా" అని. కుదరదు. లైసెన్సు లేనివాడు, లైసెన్సున్నవాడి ఎదుటగానీ అతను రాసిచ్చిన కాగితంతోగానీ తుపాకిని రిపేరుకో రెన్యూవల్‌కో మోసుకుపోవచ్చు, లేదా లైసెన్సుదారుడు వాడుకోవడానికి మోసుకురావచ్చు. మోయడం వరకే. నీ వేలు ట్రిగ్గరు మీద పడిందంటే నువ్వు లైసెన్సు లేనివాడివి, నేను ఇచ్చినవాణ్ణి. లైసెన్సు లేకుండా పట్టుబడితే 2019 డిసెంబరు సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్లు, ఎక్కువైతే అయిదేళ్లు, పైగా జుల్మానా. నీ ఉద్యోగం, నీ పాస్‌పోర్టు, నీ పెళ్లి సంబంధాలు అన్నీ దాంతో పోతాయి. మా అక్కకు నేను ఏ మొహం పెట్టుకుని కనబడాలి?

నాటు తుపాకి గురించి అడగలేదుగానీ చెబుతున్నా. ఊళ్లో ఎవడో ఒకడు "పందుల కోసం పెట్టుకున్నా, చూడు అబ్బోడా" అని తెచ్చి చూపిస్తాడు. చేత్తో తాకొద్దు, ఫొటో దిగొద్దు. మన జిల్లా పేరు చెబితే పోలీసులకు పాత రోజులే గుర్తొస్తాయి. ఫ్యాక్షన్ తగ్గిపోయి ఎన్నాళ్లయినా మనకు ఆ అనుమానపు చూపు మిగిలిపోయింది. వేరే జిల్లాలో ఎవరూ పట్టించుకోని శబ్దానికి ఇక్కడ జీపు వస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతా. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

లైసెన్సు నా పేరు మీదికి వచ్చిన కొత్తలో నాకు ఇరవై ఎనిమిదేళ్లు. బావి దగ్గర నాపరాతి బండలు నిలువుగా పాతి తడిక లాగా కట్టి ఉండేవి. ఒక రంగు డబ్బా మూత తెచ్చి ఆ బండకు ఆనించి, ముప్పై అడుగుల దూరం నుంచి కాల్చా. మన చేను, మన బావి, మన బండ, ఎదురుగా ఎవరూ లేరు. మూతలో చిల్లులు పడ్డాయి. మూతకు తగలని గుళ్లు బండ మీద జారి పక్కకు తిరిగాయి. ఒకటి నా మోచేతి కింద గీరుకుపోయింది. పక్కన కంపచెట్ల అవతల గొర్రెల మంద ఉందని నేను చూడలేదు. ఒక గొర్రె అరిచి పడిపోయింది. దానికి పది అడుగుల దూరంలో కాపరి కొడుకు చద్దిమూట విప్పుకుంటున్నాడు, తొమ్మిదేళ్ల పిల్లోడు.

గొర్రె ఖరీదు ఇచ్చాను, పెద్దమనుషుల ముందు తల వంచుకుని కూర్చున్నాను, అంతటితో తెగిపోయింది. ఇప్పుడైతే తెగదు. నిర్లక్ష్యంగా తుపాకి కాల్చి ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జుల్మానా, లేదా రెండూ అని 2019 సవరణలోనే చేర్చారు. పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని తెచ్చిందే, కానీ చేలో కాల్చినవాడికీ వర్తిస్తుంది. గొర్రె లెక్క ఎలా ఉన్నా, ఆ పిల్లోడి చద్దిమూట నాకు ఇప్పటికీ కళ్లముందు కనబడుతుంది.

నాపరాయి, గ్రానైటు బండలు, చెరువు నీళ్లు, ఈ మూడూ గుండును మింగవు, వెనక్కి విసురుతాయి. మన సీమలో ఎక్కడ చూసినా ఉండేవి ఈ మూడే. గుండును మింగేది మెత్తటి మట్టి, ఇసుక. 0.22 తూటా అట్టముక్క దాటి ఏదీ అడ్డం రాకపోతే రెండు కిలోమీటర్ల దాకా పోతుంది. మన నాలుగెకరాలు ఏ వైపు చూసినా రెండు వందల మీటర్లు లేదు. పట్టాలో గీసిన హద్దు తూటాకు తెలియదు కదా. "ఉత్తరాన గుట్ట ఉంది, దానికేసి కాలుస్తా" అంటావేమో. ఆ గుట్ట మనది కాదు, సర్వే పటం తీసి చూడు. వంక పోరంబోకు దాటితే రిజర్వు ఫారెస్టే.

ఫారెస్టు మాట వచ్చింది కాబట్టి. మన చేనుకు లంకమల అభయారణ్యం దూరమేమీ కాదు. ప్రపంచంలో ఇక లేదనుకున్న కలివికోడి పిట్ట 1986లో మళ్లీ కనబడింది మన సిద్దవటం వైపు కంపల్లోనే. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర కూడా పేరు నమోదు చేయించుకోవాలి. అక్కడ కొత్త లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర వన్యప్రాణి ముఖ్య అధికారి ముందుగా ఒప్పుకోవాలి. ఇది 1972 వన్యప్రాణి చట్టం 34వ సెక్షను. చాలామంది లైసెన్సుదారులకే తెలియదు. నాకు కూడా రెన్యూవల్ అప్పుడు ఒక గుమాస్తా చెబితేనే తెలిసింది. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం చుట్టుపక్కల రైతులకూ ఇదే లెక్క. అక్కడ జింకలు పైరు మేసేస్తుంటే కడుపు మండినా తుపాకి ఎత్తలేరు.

పందులు, నెమళ్లు, చెవులపిల్లులు, కౌజుపిట్టలు చేలో తిరుగుతాయి. అట్టముక్క మీద గురి కుదిరాక మనిషి కన్ను కదిలేదాని మీదికి పోతుంది. నాకూ పోయింది, అందుకే చెబుతున్నా. నెమలిని గాని కృష్ణజింకను గాని కొడితే మూడు నుంచి ఏడేళ్లు. గాలి తుపాకితో కొట్టినా వేటే, తగలకపోయినా వేటే. పంది పంట తినేసినా మనంతట మనం కాల్చకూడదు, అటవీ శాఖ అనుమతి రాతలో ఉండాలి.

ఇక ఎన్నికలు. కోడ్ వచ్చిందంటే తుపాకి స్టేషనులో డిపాజిట్ చేయమంటారు. 2024లో మార్చిలో ఇచ్చినవాణ్ణి, ఓట్ల లెక్కింపు అంతా అయ్యాక తెచ్చుకున్నా. అంతకు ముందు ఒకసారి, ఏ స్టేషనో ఎందుకులే, నూనె రాసి ఇచ్చిన తుపాకి తుప్పుతో తిరిగొచ్చింది. రసీదులో "బాగున్న స్థితిలో" అని నేను రాయించుకోలేదు, నోరెత్తలేకపోయా. నీకు ఎప్పుడైనా లైసెన్సు వస్తే ఆ రెండు మాటలు రాయించుకుని ఫొటో తీసుకో.

సరే, చేయగలిగింది ఏమిటో చెబుతా.

0.177 బోరు, అంటే 4.5 మిల్లీమీటర్ల గాలి రైఫిలు కొను. గుండు శక్తి 20 జౌల్స్ (శక్తి కొలత) మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. షాపువాడు ఆధార్ అడుగుతాడు, ఇవ్వు. బిల్లు మీద బోరు, మోడలు, సీరియల్ నంబరు రాయించు, ఆ బిల్లు ఎప్పుడూ తుపాకి సంచిలోనే ఉండాలి. కొన్నిచోట్ల "0.22 ఇస్తాం సార్, ఎవరూ అడగరు" అంటారు, "స్ప్రింగ్ మారిస్తే పవర్ డబుల్ అవుతుంది" అంటారు. రెండూ వద్దు. బోరు పెరిగినా శక్తి పెరిగినా అది లైసెన్సు కావలసిన ఆయుధమే.

ఇది బొమ్మ తుపాకి అనుకోకు. ఒలింపిక్స్‌లో బీజింగ్‌లో 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం కొట్టిందీ, లండన్‌లో 2012లో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కంచు కొట్టిందీ ఈ 4.5 మిల్లీమీటర్ల రైఫిలుతోనే, పది మీటర్ల దూరంలో. అక్కడ పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు. బింద్రా ఇంట్లోనే రేంజ్ కట్టుకుని సాధన చేశాడు. నీకు నాలుగెకరాలు దేనికి? పది మీటర్లు చాలు.

చేలోకన్నా ఇంటి వెనక పాత గడ్డివామి దొడ్డే నయం. మూడు వైపులా మట్టి గోడ, తలుపు ఒకటే. ఆ తలుపు నీ వీపు వెనక ఉండేలా నిలబడు, అప్పుడు గుండు వైపుకు ఎవరూ రాలేరు. గురి వెనక చెక్కపెట్టె పెట్టి దాన్నిండా పాత గుడ్డలు బిగించి కూరు, దాని వెనక రెండు వరసల ఇసుక బస్తాలు. మొదటిరోజే పెట్టె వెనక చూడు, ఒక్క గుండు బయటికి వచ్చినా ఇంకా కూరాలి. కళ్లద్దాలు లేకుండా ట్రిగ్గరు మీద వేలు పెట్టొద్దు. పొద్దున్నే కాల్చాలంటే గురి పడమట పెట్టుకో, ఎండ కళ్లల్లో పడదు. సీసపు గుళ్లు వారానికోసారి ఏరి డబ్బాలో వేయి. దొడ్లో కోళ్లు తిరుగుతాయి, అవి గింజలనుకుని ఏరుకు తింటాయి. నీ చెయ్యి కడుక్కోకుండా అన్నం ముద్ద ముట్టుకోవద్దు.

లైసెన్సు అవసరం లేకపోయినా స్టేషనుకు ఒక అర్జీ రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకో. ఇంటి వెనక ఫలానా తుపాకితో సాధన చేస్తున్నాను, బిల్లు జతపరిచాను అని నాలుగు ముక్కలు చాలు. గోడ పక్క వాళ్లకు నువ్వే పోయి చెప్పు, వాళ్ల పిల్లల్ని ఒకసారి పిలిచి దూరం నుంచి చూపించు. చూసిన పిల్లోడు గోడ ఎక్కడు, చూడనివాడే ఎక్కుతాడు.

ఒక ఏడాది ఇలా చేశాక కూడా మోజు తగ్గకపోతే బెంగళూరులోనే మంచి క్లబ్బులో చేరు. భద్రతా శిక్షణ సర్టిఫికెట్టు తీసుకో, పోటీలకు పో. అప్పుడు 0.22 లైసెన్సుకు అర్జీ పెడితే చూపించడానికి చేతిలో కాగితాలుంటాయి. ఆ అర్జీ నింపేటప్పుడు నాకు ఫోన్ చెయ్, ఎక్కడ తప్పు రాస్తే వెనక్కి వస్తుందో నాకు బాగా తెలుసు.

ఉగాదికి వస్తావు కదా. గోనెసంచులు ఇరవై తీసిపెట్టా. సగిలేరు వంక ఇసుక తెచ్చుకుందామంటే దానికీ అనుమతులు, అది ఇంకో రామాయణం. మన బావి తవ్వినప్పటి మట్టి దిబ్బ ఉంది, జల్లెడ పట్టి అదే నింపుదాం. జల్లెడ నేను పడతా, మోసేది నువ్వే.

మీ మామ