ఆటల మీద ఎకనామిక్స్ అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. బీటెక్ వద్దు, ఎకనామిక్స్ చదివి ఆటలు, నగరాలు, మనుషుల తీరు మీద పరిశోధన చేస్తానంటున్నాడు. డేవిడ్ కార్డ్ అనే ఎకనామిస్టు రాసిన పరిశోధన పేపర్ ఏదో చదివాడట. అది అన్నం పెడుతుందా? సీఎస్‌ఈతో పోల్చి చెప్పండి. పోనీ స్పోర్ట్స్ అనలిటిక్స్ (ఆటల గణాంకాల విశ్లేషణ) కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీరు అడిగింది జీతం గురించే. కానీ ఏటా ఈ ప్రశ్న అడిగేవాళ్లందరి లోపలా ఉండే భయం ఒకటే: చుట్టాలు అడిగితే ఏం చెప్పాలి?

ముందు ఆ పేపర్ సంగతి వినండి. కార్డ్, గోర్డన్ డాల్ కలిసి 2011లో ప్రచురించారు. అమెరికా ఫుట్‌బాల్ ఫలితాలను ఆయా ప్రాంతాల పోలీసు రికార్డుల పక్కన పెట్టి చూశారు. తప్పకుండా గెలుస్తుందని బెట్టింగ్ లెక్కలు చెప్పిన సొంత జట్టు ఓడిన రోజున, మగవాళ్లు ఇంట్లో ఆడవాళ్లపై చేయిచేసుకున్న కేసులు సుమారు 10 శాతం పెరిగాయి. అదీ మ్యాచ్ ముగిసే వేళకే. పోటాపోటీగా సాగుతుందనుకున్న మ్యాచ్ ఓడితే అంత తేడా లేదు. ఓడినందుకు కన్నా, పెట్టుకున్న ఆశ విరిగినందుకే చెయ్యి లేచిందన్నమాట. ఇది చదివి కదిలిన పిల్లవాణ్ణి దారి తప్పాడనుకుంటున్నారా?

స్పోర్ట్స్ అనలిటిక్స్ కోర్సులంటే నాకు గట్టి అనుమానమే. ఐపీఎల్‌లో ఉన్నవే 10 జట్లు, ఒక్కోదానికి ఎంతమంది అనలిస్టులు కావాలి? అలాంటి కోర్సు చేసిన ఒకమ్మాయి నా దగ్గరికొచ్చింది. గ్రాఫులు చక్కగా గీస్తుంది. ఈ గీత ఇక్కడెందుకు పడిపోయిందంటే చెప్పలేకపోయింది. పాపం, ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. ఆ 'ఎందుకు' నేర్పేది స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్.

మొదటి ఉద్యోగంలో మంచి కాలేజీ సీఎస్‌ఈ వాళ్లదే పైచేయి కావచ్చు. పరిశోధనంటే పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. అయినా భయపడకండి, ఎంపీసీ వృథా కాదు. ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌కు మ్యాథ్స్ ఉండి తీరాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. పరిశోధన వద్దనుకున్నా బ్యాంకులు, ఆర్‌బీఐ, ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ ఉండనే ఉన్నాయి.

ఒక్క మాట కటువుగానే అంటాను. అబ్బాయికి ఈ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో మీరు ఒక్క ముక్కా రాయలేదు. అసలు అడిగారా? ఈ ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని ఆ పేపర్ వివరించమనండి. మధ్యలో అడ్డుపడకండి. లెక్కల దగ్గరికొచ్చేసరికి హుషారు పెరిగితే నిశ్చింతగా చేర్పించండి. కథ చెప్పి లెక్కలు దాటేస్తే, ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి.