ప్లైవుడ్ కోస్తుంటే రంపం మిషన్ వెనక్కి తన్నడం గురించి

చేత్తో పట్టుకుని నడిపే గుండ్రటి బ్లేడు రంపం మిషన్‌తో (సర్క్యులర్ సా) 18 ఎంఎం ప్లైవుడ్ కోస్తుంటే సగంలో బ్లేడు పట్టేసి, మిషన్ ఒక్కసారిగా మీ వైపు తన్నిందన్నారు. దెబ్బ తగల్లేదు, అది చాలు. మిషన్ లోపం కాదండీ. షీటును రెండు చివర్లా స్టూళ్ల మీద పెట్టి మధ్యలో కోశానన్నారు కదా, కోత సాగేకొద్దీ షీటు కుంగి, చీలిక మూసుకుపోయి బ్లేడును నొక్కేసింది.

గుంటూరులో మా ఇంటి కప్‌బోర్డుల పనప్పుడు నాకూ ఇదే జరిగింది. అప్పటినుంచి నేల మీద మందపాటి థర్మకోల్ పరిచి, దాని మీదే కోస్తున్నాను. షీటు అంతటా ఆనుకుని ఉంటుంది, కుంగదు. బ్లేడు లోతు 24 ఎంఎం పెట్టుకోండి, థర్మకోల్‌లోకి కాస్త దిగితే చాలు. నునుపు వైపు కిందికి ఉండాలి. పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి, పెచ్చులు పై వైపే లేస్తాయి.

రెండు చేతులతో పట్టుకుని, బ్లేడుకు సూటిగా వెనక కాకుండా పక్కకు నిలబడండి. మళ్లీ పట్టేస్తే వెనక్కి లాగొద్దు. స్విచ్ వదిలి, బ్లేడు పూర్తిగా ఆగాకే తీయండి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకేయాలి.

అడ్డంగా ఉందని కొందరు కింది గార్డును, అంటే బ్లేడు కింది భాగాన్ని కప్పి ఉంచే తొడుగును, తాడుతో పైకి కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి కోయడం కూడా వద్దు, మామూలుగా దానికి ఆ కింది గార్డే ఉండదు. కళ్లద్దాలు పెట్టుకోండి, మెడలో తువ్వాలు ఉంటే తీసేయండి.