డీఎన్‌ఏ వేయని ప్లేటు

బ్రాడీపేట, గుంటూరు

చిన్నమ్మలూ,

నీ ప్రాజెక్టు సంగతి మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా చుట్టుపక్కల పడి ఉన్న డీఎన్‌ఏను ఎలా లోపలికి లాక్కుంటుందో చూస్తావట. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

బర్నర్ దగ్గర జుట్టు ముడి వేసుకో. మిగతా జాగ్రత్తలు నీకు తెలుసు.

హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా అని ఇంకో బాక్టీరియా ఉంది, దానికి పట్టింపు ఎక్కువ. సంబంధానికి వెళ్లి ఇంటిపేరు అడిగినట్టు, తన జాతి డీఎన్‌ఏలో పదే పదే వచ్చే 9 అక్షరాల వరస ఉన్న ముక్కలనే ఏరుకుంటుంది. నీ బాసిల్లస్ ఎవరిదైనా పట్టుకుంటుంది. డీఎన్‌ఏకున్న రెండు పోగుల్లో ఒకటి తునకలైపోతుంది, ఒకటే లోపలికి వెళుతుంది. అయితే తిండి తగ్గి పెరుగుదల మందగించే వేళ చూసి డీఎన్‌ఏ వేయాలి. అప్పుడైనా కొన్ని కణాలే సిద్ధంగా ఉంటాయి.

ఇక నా తెలివితక్కువతనం విను. స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందును తట్టుకునే రకం నుంచి డీఎన్‌ఏ తీసి, తట్టుకోలేని రకానికి కలిపాను. మర్నాడు మందు కలిపిన ప్లేటు మీద తెల్లటి చుక్కలు, అంటే బతికి పెరిగిన గుంపులు, పదకొండు. ల్యాబంతా పూతరేకులు పంచాను. మా సీనియర్ ఒకావిడ పూతరేకు నోట్లో పెట్టుకుంటూనే, ‘డీఎన్‌ఏ వేయని ప్లేటు ఏదమ్మా?’ అంది. పెట్టలేదు. ఒక ప్లేటు మిగుల్చుకుందామనుకున్నాను! మళ్లీ చేస్తే డీఎన్‌ఏ లేని ప్లేటు మీద తొమ్మిది లేచాయి. కోట్ల కణాలు పరిస్తే వాటంతట అవే మారినవి కొన్ని ఉంటాయి కదా. అవే నన్ను చూసి నవ్వాయి. ఆ పూతరేకుల ఖర్చు కన్నా ఆవిడ నవ్వకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఇంకో ప్లేటుకు డీఎన్‌ఏను ముందే డీఎన్‌ఏజ్‌తో, అదే డీఎన్‌ఏను కోసే ఎంజైముతో, ముక్కలు చేసి కలుపు. అక్కడ చుక్కలు తగ్గకపోతే నీ ఫలితం నమ్మకు. బద్ధకించావో, నేనే బస్సెక్కి వస్తాను.

మే నెలలో మన దగ్గర గది ఇంక్యుబేటర్ కన్నా వేడెక్కుతుంది, ప్లేట్లు ఎండిపోతాయి. వాడినవి 121 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆటోక్లేవ్ చేయందే, అంటే ఒత్తిడి ఆవిరిలో ఉడికించందే, పారేయకు. క్రిములు చచ్చాయి కదా అని ఊరుకోకూడదు: 1928లో గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త వేడితో చంపిన న్యుమోనియా క్రిముల గుణమే బతికున్నవాటికి అంటింది. మందును తట్టుకునే జన్యువులు కాలవలో కలుస్తాయంటే నాకు ఇప్పటికీ గుండె దడ.

ఆదివారం రా. గోంగూర పచ్చడి నూరుతాను. నోటుబుక్కు తెచ్చుకో. ముందు ఆ ప్లేట్ల లెక్క చూపించు, తర్వాతే అన్నం.

మీ అత్తయ్య