యాక్సిడెంట్ కేసు డబ్బులొస్తాయని 3 రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. వాళ్ళాయనకి 33 ఏళ్ళు, సొంతంగా ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తారు, నెలకి 25 వేలదాకా మిగులుతుంది. రెండు నెలల కిందట బైక్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది, తొడ ఎముక విరిగింది, లోపల రాడ్డు వేశారు. హెల్త్ పాలసీ 3 లక్షలూ హాస్పిటల్‌కే అయిపోయాయి, పైన ఇంకో 60 వేలు చేతి నుంచి పడ్డాయి, దాంతో ఇంట్లో దాచుకున్నదంతా ఊడ్చుకుపోయింది. ఇంకో నాలుగు నెలలు పనికి వెళ్ళొద్దన్నారు డాక్టర్లు. తెలిసినాయన ఒకరు "కేసులో 15 లక్షలు గ్యారంటీ" అన్నారట, ఆ మాట మీద నూటికి 3 రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి ఇల్లు నడుపుకుని, కేసు డబ్బు రాగానే తీర్చేద్దాం అనుకుంటున్నారు. ఈలోపు లారీ ఇన్సూరెన్స్ తరఫున ఒకతను వచ్చి రెండున్నర లక్షలకి రాజీ పడమంటున్నాడు. ఏం చెయ్యమంటారు అని అడిగారు.

అమ్మా, ఆ అప్పు మాత్రం తీసుకోకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. యాక్సిడెంట్ వల్ల మునిగిన ఇళ్ళ కంటే యాక్సిడెంట్ తర్వాత కేసుని నమ్ముకుని చేసిన అప్పుల వల్ల మునిగిన ఇళ్ళే నేను ఎక్కువ చూశాను.

లెక్క చూడండి. 4 లక్షలకి నూటికి 3 రూపాయలంటే నెలకి 12 వేలు వడ్డీ, ఏడాదికి లక్షా 44 వేలు. మోటార్ యాక్సిడెంట్ కేసు రెండు మూడేళ్ళు నడవడం చాలా మామూలు, మూడేళ్ళు అనుకుంటే వడ్డీయే 4 లక్షల 32 వేలు, అసలుతో కలిపి 8 లక్షల 32 వేలు. ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టు) కూడా మీకొచ్చే పరిహారం మీద వడ్డీ ఇస్తుంది, కాదనను, కానీ అది మామూలుగా ఏడాదికి 6 నుంచి 9 శాతం మధ్యలో ఉంటుంది, మీరు కట్టేది 36 శాతం. పైగా తీర్పు వచ్చిన రోజే డబ్బు చేతికి రాదు, ఇన్సూరెన్స్ కంపెనీకి హైకోర్టుకి అప్పీలుకి వెళ్ళడానికి 90 రోజుల టైముంటుంది, అప్పీలు వేస్తే మళ్ళీ ఎదురుచూపులే, ఆఖరికి వచ్చినా అందులో కొంత బ్యాంకులో ఎఫ్‌డీ చెయ్యమని జడ్జిగారే చెప్పే అవకాశం ఉంది. మరి వడ్డీకిచ్చినాయన అన్నాళ్ళు ఊరుకుంటాడా?

ఇక ఆ "15 లక్షలు గ్యారంటీ" సంగతి. ఈ కేసుల్లో గ్యారంటీ అనే మాట ఎవరన్నా వాళ్ళకి దూరంగా ఉండండి. పరిహారానికి ఒక లెక్క ఉంది, సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో వయసుని బట్టి మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో ఆ అంకె, ఖాయం చేసింది, మీ వారి వయసుకి అది 16. సొంత పని చేసుకునేవాళ్ళకి 40 ఏళ్ళ లోపైతే ఆదాయానికి ఇంకో 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పింది. ఇప్పుడు అసలు ప్రశ్న, మీ ఆదాయం ఎంతని కోర్టు నమ్ముతుంది? 25 వేలని నమ్మితే ఏడాదికి 3 లక్షలు, 40 శాతం కలిపితే 4.2 లక్షలు, దాన్ని 16తో హెచ్చిస్తే 67.2 లక్షలు. కాలు వల్ల ఆయన సంపాదన 10 శాతం తగ్గిందని తేలితే అందులో 10 శాతం, అంటే 6.72 లక్షలు. అదే కాగితం లేదు కాబట్టి నెలకి 15 వేలే అనుకుంటాం అని కోర్టు అంటే ఇదే లెక్క 4.03 లక్షలకి పడిపోతుంది. ఐటీ రిటర్న్ వెయ్యలేదు, డబ్బులన్నీ చేతికే తీసుకున్నారు అన్నారు కదా, ఆ ఒక్క అలవాటు ఖరీదు 2 లక్షల 69 వేలు.

ఆ 10 శాతం కూడా నేను ఉదాహరణకి పెట్టిందే. డాక్టర్ సర్టిఫికెట్‌లో కాలికి 30 శాతం వైకల్యం అని రాసినంత మాత్రాన సంపాదన 30 శాతం పోయిందని కాదు, ఆయన చేసే పనికి ఎంత దెబ్బ తగిలిందన్నదే చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిచ్చెన ఎక్కి ఏసీలు బిగించే మనిషికి తొడ ఎముక విరగడం, కుర్చీలో కూర్చుని పని చేసే మనిషికి విరగడం ఒకటి కాదు, ఇది మీకు కలిసొచ్చే పాయింటే, లాయర్‌కి గట్టిగా చెప్పండి. దీనికి పైన మందుల బిల్లులు, పని పోయిన నెలల ఆదాయం, తోడుగా ఉన్న మనిషి ఖర్చు, రానుపోను బండి ఖర్చులు, రేపు రాడ్డు తీయించాల్సి వస్తే ఆ ఆపరేషన్, పడ్డ నొప్పికి కొంత, ఇవన్నీ విడివిడిగా అడుగుతారు. తప్పు కొంత మీ వారిది కూడా ఉందని తేలితే ఆ మేరకు కోత పడుతుంది. వెనక నుంచి గుద్దాడు కాబట్టి మీకు ఆ భయం తక్కువే, కానీ ఎఫ్ఐఆర్‌లో ఎలా రాశారో ఒకసారి చదివించుకోండి.

రెండున్నర లక్షల రాజీ అన్నారు. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు, మోటార్ వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో నిరూపించక్కర్లేకుండా తీవ్ర గాయానికి ఇచ్చే మొత్తం సరిగ్గా అంతే. అది తీసుకుంటే తప్పు నిరూపించి ఎక్కువ అడిగే 166 కింద మీ క్లెయిమ్ అక్కడితో చచ్చిపోతుంది. రాడ్డు ఇంకా కాల్లోనే ఉంది, ఎముక ఎలా అతుక్కుంటుందో డాక్టర్‌కే తెలీదు, వైకల్యం ఎంతో మెడికల్ బోర్డు చూడలేదు, ఇప్పుడే సంతకం పెట్టడం తొందరపాటు. తర్వాత రాజీ చేసుకోవాలంటే చేసుకోండి, తప్పేం లేదు, కానీ ఖాళీ కాగితాల మీద కాదు, ట్రిబ్యునల్‌లో రికార్డు అవ్వాలి. లోక్ అదాలత్‌లో అయితే దాని మీద అప్పీలు ఉండదు, అది గుర్తుపెట్టుకుని ఒప్పుకోండి.

క్లెయిమ్ మాత్రం ఆలస్యం చెయ్యకండి, యాక్సిడెంట్ జరిగిన 6 నెలల్లో వెయ్యాలని 2022 ఏప్రిల్ 1 నుంచి రూలు. యాక్సిడెంట్ జరిగిన చోటే వెయ్యక్కర్లేదు, మీరుండే ఊరి పరిధిలో వెయ్యొచ్చు. లాయర్ "వచ్చిన దాంట్లో ఇంత శాతం నాకు" అంటే అది బార్ కౌన్సిల్ రూల్స్‌కే విరుద్ధం, ఫీజు ముందే మాట్లాడుకోండి. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళి అడగండి.

ఇప్పుడు నాకు నిజంగా బాధేసిన విషయం. మీ ఉత్తరంలో "బండి పాలసీలో 15 లక్షల పీఏ (పర్సనల్ యాక్సిడెంట్) కవర్ ఉంది, అది కూడా వస్తుంది కదా" అని రాశారు. రాదమ్మా. అది ప్రాణం పోతేనో, చెయ్యో కాలో కన్నో పోతేనో, మనిషి శాశ్వతంగా ఏ పనీ చెయ్యలేని స్థితికి వస్తేనో వచ్చేది, విరిగి అతుక్కునే కాలికి రూపాయి రాదు. రోజు పని మీద బతికే ఇంటికి అసలు దెబ్బ కొట్టేది ఈ ఆరు నెలల మంచమే, దానికోసం విడిగా తీసుకునే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో తాత్కాలిక వైకల్యానికి వారానికింత అని ఇచ్చే కవర్ ఉంటుంది. అది తీసుకునుంటే ఈ పని లేని వారాలకి ఆ లెక్కన మీకు డబ్బు వచ్చేది, ఈ వడ్డీ మాట మీ నోట వచ్చేదే కాదు. నెలకి 25 వేలు మిగిలిన రోజుల్లో 5 వేలు పక్కన పెట్టుకున్నా రెండేళ్ళలో లక్షా 20 వేలు, నాలుగు నెలలు ఇల్లు గడిచేది. మీరు చీటీ కట్టారు, టీవీ ఈఎంఐ కట్టారు, ఇది మాత్రం కట్టలేదు. తిట్టడానికి చెప్పట్లేదు, ఇది చదివే మిగతావాళ్ళన్నా ఈ నెలలోనే మొదలుపెట్టాలని చెప్తున్నా. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేనివాళ్ళు షేర్లు, స్థలాలు అని నన్ను అడగొద్దు, నేను చెప్పను.

మరి ఈ నాలుగు నెలలు ఎలా? బంగారం ఉందన్నారు, తప్పదు కాబట్టి బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టండి, 4 లక్షలు కాదు, నెలకి కచ్చితంగా కావాల్సినంతే లెక్కేసి లక్ష లోపు. ఎల్ఐసీ పాలసీ మీద లోన్ వస్తుందేమో కనుక్కోండి. షాపు ఓనర్‌ని అద్దె రెండు నెలలు ఆగమని అడగండి, అడగడంలో చిన్నతనం లేదు. మీ వారికి ఫోన్‌లో వచ్చే కాల్స్ తోటి మెకానిక్ ఎవరికైనా పంపి కమీషన్ తీసుకోవచ్చు, మంచం మీద నుంచే అయ్యే పని.

ఈ వారంలో ఒక ఫైలు పెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి మందుల బిల్లు, ఆటో రసీదులు, ఎక్స్‌రేలు, లారీ నంబరు, దాని పాలసీ వివరాలు అందులో ఉండాలి. ఆయన ఫోన్‌లో ఉన్న ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ ఏడాదిది మొత్తం డౌన్‌లోడ్ చేయించండి, పార్టులు కొన్న షాపు బిల్లులు కలపండి, క్రమం తప్పకుండా పని ఇచ్చే అపార్ట్‌మెంట్ వాళ్ళ చేత ఒక లెటర్ రాయించండి. ఆ 25 వేలు నిజమని కోర్టుకి చూపించడానికి మీ దగ్గరున్నవి ఇవే.