అల్లుడికి ఉత్తరం: మానిటర్ కొనే ముందు ప్యానెల్ చూడు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మీ మామ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. చిత్తూరులో అమ్మా నాన్నా చెల్లీ బాగున్నారని తలుస్తాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు మానిటర్ల ఫొటోలూ చూశాను. నాలుగు డబ్బాల మీదా హెర్ట్జ్, మిల్లీసెకను, హెచ్‌డీఆర్ అని పెద్దక్షరాలు. ప్యానెల్, అంటే బొమ్మ కనిపించే తెర పలక, ఏ రకమో మాత్రం రెండింటి మీద భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది. రోజూ నీ కంటికి ఆనేది ఆ ప్యానెలే. ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలెయ్యబుద్ధి కాక ఇంత వివరంగా రాస్తా ఉన్నాను.

ముందు ఒకటి ఆలోచించుకో. వాలరెంట్ ఆట ఆడేది రాత్రి ఓ గంటా రెండు గంటలు. మిగతా పొద్దంతా కోడ్ రాయడం, పాఠాలు చూడడం. మామిడి సీజన్ వచ్చిందంటే మీ నాన్న గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలు ఇంటికి తెచ్చుకుని అదే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. చెల్లి ఈఏపీసెట్ క్లాసులకు పక్కన కుర్చీ వేసుకుంటుంది. అంటే ఆ తెర మీద ఎక్కువసేపు కనిపించేవి అక్షరాలూ అంకెలూ. చూసేవాళ్లు ముగ్గురు, అదీ తలా ఒక పక్క నుంచి. ఆటకి పనికొచ్చేది తీసుకో, నేను కాదనను. ఇంటిల్లిపాదికీ పనికొచ్చేది కూడా అయ్యుండాలి.

ఇప్పుడు దొరికే ఎల్‌సీడీ తెరలన్నిటిలోనూ సూత్రం ఒకటే. వెనక లైటు ఎప్పుడూ వెలుగుతా ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల మాదిరి తెరుచుకుని, మూసుకుని, ఎంత వెలుతురు బయటికి రావాలో తేలుస్తాయి. ఆ రెక్కలు కదిలే తీరును బట్టే టీఎన్, వీఏ, ఐపీఎస్ అని మూడు రకాలు.

టీఎన్ పాతది, చవక, వేగంగా కదులుతుంది. నేరుగా చూస్తే ఫరవాలేదు. కాస్త కిందికి వంగి చూశావంటే రంగులు తిరగబడిపోతాయి, మనుషుల మొహాలు నెగెటివ్ ఫిల్ములో ఉన్నట్టు కనిపిస్తాయి. ఈ బాధ పోవాలనే 1996లో జపాన్‌లో హిటాచీ వాళ్లు ఐపీఎస్‌ను తెచ్చారు. చెల్లి పక్క నుంచి చూసే ఇంట్లో టీఎన్ మాట ఎత్తొద్దు. ఒకప్పుడు ఆటలాడేవాళ్లు వేగం కోసం దాన్నే కొనేవాళ్లు. ఇప్పుడు ఐపీఎస్ కూడా ఆ వేగానికి వచ్చేసింది గనుక ఆ కారణమూ లేదు.

వీఏ దగ్గర కాసేపు ఆగాలి. నీ నాలుగింటిలో నీకు బాగా నచ్చినది, ఆ వంపు తెరది, అదే రకం. వీఏలో రెక్కలు గట్టిగా మూసుకుంటాయి, అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. లెక్కలో చెప్పాలంటే ఐపీఎస్ కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ ఉండే వెలుగు తేడా, సుమారు 1000కి 1 అయితే వీఏది సుమారు 3000కి 1. రాత్రి లైటార్పి సినిమా చూసేవాడికి వీఏ చాలా మంచి తెర, ఆ మాట ఒప్పుకోవాలి. చిక్కు ఎక్కడంటే, గట్టిగా మూసుకున్న రెక్క మళ్లీ తెరుచుకోవడానికి ఆలస్యం చేస్తుంది. నలుపు నుంచి ముదురు బూడిద రంగులోకి మారేటప్పుడు అది బాగా తెలిసిపోతుంది. షాపులో నువ్వే పరీక్ష చేసి చూడు. డార్క్ మోడ్‌లో ఏదైనా పేజీ తెరిచి మౌస్ చక్రం గబగబా తిప్పు. చవక వీఏలో అక్షరాల వెనక నల్లటి మరక ఈడ్చుకుంటూ వస్తుంది, పేజీ ఆగినాక గాని అక్షరం తేరుకోదు. ఆటలో చీకటి మూలనుంచి ఎవడైనా ఉరికినప్పుడూ అదే మరక. నువ్వు కోడ్ రాసేది కూడా నల్ల తెర మీదే కదా, రోజంతా ఆ మరకతోనే కాపురం చెయ్యాలి. ఖరీదైన వీఏల్లో ఇది బాగా తగ్గించారు గాని అవి నీ డబ్బుకి రావు.

పైగా నీ గది మేడ మీద, పడమటి కిటికీ. ఎండాకాలం సాయంత్రం ఎంత వెలుతురు పడుతుందో నాకు తెలుసు. వెలుతురున్న గదిలో తెర మీద పడిన కాంతే తిరిగి కంట్లో పడుతుంది, నలుపు ఎటూ బూడిద రంగుకి వచ్చేస్తుంది. అక్కడ వీఏకున్న గొప్ప కాస్తా ఎగిరిపోతుంది.

కాబట్టి నీకు ఐపీఎస్. ఏ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు, అక్షరం శుభ్రంగా ఉంటుంది, కదలికలో ఆ నల్లటి మరక అంతగా ఉండదు. లోపం లేదా అంటే ఉంది. చీకటి గదిలో నల్ల బొమ్మ పెడితే మూలల్లో పల్చటి వెలుగు కనిపిస్తుంది. చూసి మానిటర్ చెడిపోయిందని గాబరా పడొద్దు, ఆ రకం తీరే అంత. తెర వెనక గోడ మీద పడేట్టు చిన్న బల్బు పెట్టుకుంటే ఆ వెలుగు కంటికి ఆనదు, కళ్లకీ హాయి.

ఓలెడ్ సంగతి కూడా అడిగావు. అందులో వెనక లైటే ఉండదు, తెరలోని ఏ చుక్కకి (పిక్సెల్‌కి) ఆ చుక్క సొంతంగా వెలుగుతుంది. అన్నిటికంటే నల్లటి నలుపు, అన్నిటికంటే వేగం. అయితే కదలకుండా ఒకేచోట ఉండే బొమ్మ నెలల తరబడి అట్లే ఉంటే దాని జాడ పడిపోయే ప్రమాదం ఉంది. కింద టాస్క్‌బార్, మీ నాన్న ఎక్సెల్ గళ్లు, ఇవన్నీ అట్లాంటివే. ధర కూడా నీకు అందదు. ఉద్యోగం వచ్చినాక చూద్దాం.

ఇక సైజు. నీ సీపీయూలో ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఎన్‌విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 3050. 1920 బై 1080 తెర అంటే సుమారు 20.7 లక్షల చుక్కలు. 2560 బై 1440 అంటే 36.9 లక్షలు. పెద్ద ఆటల్లో అన్ని చుక్కల్ని నెట్టుకురావడం ఆ కార్డుకి కష్టం. కనుక 1080తోనే ఉండు, 24 అంగుళాలకి మించకు. అవే చుక్కల్ని 27 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 82 చుక్కలే వస్తాయి, 24లో 92 వస్తాయి. బారెడు దూరంలో కూర్చునేవాడికి ఆ తేడా అక్షరాల అంచుల్లో కనిపిస్తుంది. 24కి వంపు తెర వల్ల ఒరిగేదేమీ లేదు.

హెర్ట్జ్ అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క. అది 144 మొదలు 180 దాకా ఏదైనా సరే. 60 దగ్గర ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు తెర మీద నిలుస్తుంది, 144 దగ్గర 6.9. ఆ పది మిల్లీసెకన్ల తేడా మౌస్ బాణం కదిలిస్తేనే చేతికి తెలుస్తుంది. 144 నుంచి 240కి పోతే ఇంకో 2.8 మాత్రమే తగ్గుతుంది, దానికోసం నువ్వు డబ్బు పొయ్యొద్దు.

‘1 ఎంఎస్’, అంటే ఒక్క మిల్లీసెకనులో చుక్క రంగు మారుతుందన్న అంకెని చూసి మురిసిపోవద్దు. పక్కన చిన్న అక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంటే అది వెనక లైటుని ఆర్పి వెలిగించి సాధించిన లెక్క. అది ఆన్ చేస్తే వెలుతురు తగ్గుతుంది, చాలా మానిటర్లలో అడాప్టివ్ సింక్ (తెర వేగాన్ని కార్డు వేగానికి కలిపే ఏర్పాటు) కూడా పనిచెయ్యదు. జీటీజీ అని రాసింది, అంటే ఒక బూడిద రంగు ఇంకో బూడిద రంగుకి మారే సమయం, కాస్త నయం. చవక మానిటర్ మీద హెచ్‌డీఆర్ (వెలుగు చీకట్ల తేడా ఎక్కువగా చూపించేది) అన్న గుర్తు వేసినా దానికి అదనంగా పైసా ఇవ్వొద్దు. వెనక లైటు ఒక్క మూలన తగ్గి ఇంకో మూలన పెరిగే ఏర్పాటు లేనిదే ఆ వెలుగు రాదు.

అడాప్టివ్ సింక్ మాత్రం తప్పకుండా ఉండాలి. కార్డు బొమ్మ పంపే వేగం, తెర వేగం కలవకపోతే బొమ్మ మధ్యలో అడ్డంగా చిరిగినట్టు కనిపిస్తుంది. ఏఎండీ అనే ఇంకో కార్డుల కంపెనీ వాళ్ల ఫ్రీసింక్ అని రాసున్నా భయం లేదు, 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులూ అడాప్టివ్ సింక్ తెరలతో పనిచేస్తున్నాయి. అయితే నీ కార్డు నుంచి డిస్‌ప్లే పోర్ట్ కేబుల్‌తోనే కలుపు. డబ్బాలో ఆ కేబుల్ ఉందో లేదో అడుగు, కొందరు హెచ్‌డీఎంఐ ఒక్కటే పెట్టి సరిపెడతారు.

ఎత్తు మార్చుకునే స్టాండు ఉంటే కొంచెం ఎక్కువైనా ఇచ్చెయ్. మీ నాన్నకి మెడనొప్పి ఉంది కదా, తెర పై అంచు కంటి ఎత్తుకి రావాలి. లేదంటే వెనక స్టాండు బిగించుకునే నాలుగు రంధ్రాలైనా ఉన్నాయేమో చూడు.

ఎక్కడ కొనాలన్నది. మన రేణిగుంట పక్కన వికృతమాలలో టీసీఎల్ ఫ్యాక్టరీ ఉంది కదా, ఆడ చవకగా ఇస్తారా అని మీ నాన్న అడిగాడు. వాళ్లు చేసేది టీవీలకీ ఫోన్లకీ ప్యానెళ్లు, ఆడ మనకి చిల్లరగా అమ్మరు. మద్రాసు రిచ్చీ స్ట్రీట్‌లో నాలుగు డబ్బులు తగ్గొచ్చు. ఏదైనా తేడా వస్తే మళ్లీ మోసుకుపోవాలి, అదీ చూసుకో. చిత్తూరులోనో తిరుపతిలోనో వెలిగించి చూపించే షాపయితే నాకు ఇష్టం. నువ్వు చెప్పిన పదిహేను వేలలో 24 అంగుళాల ఐపీఎస్ హాయిగా వస్తుంది, కాస్త మిగులుతుంది కూడా.

డబ్బు ఇచ్చే ముందు తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ పెట్టించు. రంగు మారని చుక్క ఎక్కడైనా ఉందేమో దగ్గరికి పోయి చూడు. చాలా కంపెనీలు ఒకటో రెండో చెడిన చుక్కలకి మానిటర్ మార్చి ఇవ్వవు, అది ఆ షాపులోనే తేల్చుకోవాలి. తర్వాత వెలుతురు సగానికి తగ్గించి, ఫోన్ కెమెరాలో షట్టర్ వేగం పెంచి తెరకేసి పెట్టు. ఫోన్‌లో చారలు పారుతూ ఉంటే ఆ లైటు మిణుకుతోందని అర్థం. దాన్ని వదిలేసి ఇంకోటి చూపించమను.

ఇంటికి తెచ్చినాక కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు, పైనున్న మదర్‌బోర్డు రంధ్రానికి కాదు. విండోస్ చాలాసార్లు 60 హెర్ట్జ్‌లోనే ఉండిపోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి పోయి 144కో 180కో మార్చు. ఫ్యాక్టరీ నుంచి వెలుతురు దండిగా పెట్టి పంపుతారు. తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకే తెలుపు అయ్యేదాకా తగ్గించు. చెల్లికి కూడా అది నేర్పు.

బిల్లు జీఎస్‌టీతో, మానిటర్ సీరియల్ నంబరు రాయించుకుని తీసుకో. వారంటీ ఎన్నేళ్లు, సర్వీసు ఇంటికొచ్చి చేస్తారా, మనమే తీసుకుపోవాలా అన్నది కూడా దాని మీదే రాయించు. కొనే రోజు షాపులో నుంచి ఫోన్ చెయ్యి, మోడల్ నంబరు చదివి వినిపిస్తే ప్యానెల్ ఏదో చూసి చెప్తాను. ఆదివారం తప్ప ఎప్పుడైనా ఎత్తుతాను.

ఇట్లు,
మీ మామ