చైన్ కొనే ముందు చూడవలసినవి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ గట్టిగా తొక్కితే పాత మౌంటెన్ బైకు చైన్ టక్కున జారుతోందనీ, కొత్త చైన్ కొనేద్దామని అనుకుంటున్నాననీ రాశావు. కొనవద్దని నేను అనను గానీ, అది ఏ గేరులో, ఎప్పుడు, పెడల్ ఎన్ని చుట్లు తిరిగితే ఒకసారి జారుతోందో చూసుకోకుండా మాత్రం కొనవద్దు. చాలా ఏళ్ల క్రితం నేనూ అదే తొందరపాటుతో చైన్ ఒక్కటే మార్చి, మొదటి ఎత్తులోనే సీటు మీద నుంచి లేచి తొక్కాను. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ నిలవక ఎగిరింది, పెడల్ ఒక్కసారిగా కిందికి జారిపోయింది, మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుని నెల రోజులు కుంటుతూ నడిచాను. కాబట్టి కారణం తేలేదాకా నువ్వు కూర్చునే తొక్కు.

ఇక జారే తీరు గమనించు. పెడల్ దగ్గరున్న ముందు పళ్లచక్రానికి 32 పళ్లు, చైన్‌కు 110 లింకులు ఉన్నాయనుకుంటే, చైన్ మొత్తం ఒకసారి తిరిగి రావడానికి పెడల్ దాదాపు మూడున్నర చుట్లు తిరగాలి. సరిగ్గా అంత వ్యవధిలోనే మళ్లీ మళ్లీ జారుతుంటే, చైన్‌లో ఎక్కడో ఒక లింకు పట్టేసిందని అర్థం. లెక్క లేకుండా, బలం పెట్టినప్పుడు మాత్రమే, అదీ నువ్వు ఎక్కువగా వాడే ఒకటి రెండు గేర్లలోనే జారుతుంటే అరుగుదలను అనుమానించు. బలం పెట్టకపోయినా టకటకమంటూ పక్క గేరులోకి పోవాలని చూస్తుంటే, అది గేరు మార్చే కేబుల్ సర్దుబాటుకు సంబంధించిన మాట.

పట్టేసిన లింకును పట్టుకోవడం తేలిక. వెలుతురులో బైకు వెనక కూర్చుని, చేత్తో పెడల్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ, గేరు మారేటప్పుడు చైన్‌ను పక్కకు జరిపే డీరైలర్‌లోని చిన్న చక్రాల దగ్గరే చూపు నిలుపు. మంచి లింకులన్నీ ఆ మలుపులో మెత్తగా వంగి పోతాయి. పట్టేసినది మాత్రం వంగకుండా మోచేయిలా పైకి లేచి, డీరైలర్ చేతిని చిన్నగా ఎగరేసి పోతుంది. అది ఎక్కువగా మునుపు ఎవరో చైన్ విప్పి, అదే పిన్ను మళ్లీ దిగగొట్టిన చోటే ఉంటుంది. ఆ లింకుకు రెండు పక్కలా చైన్‌ను పట్టుకుని, రెండు బొటనవేళ్లతో పక్కలకు అటూ ఇటూ మెల్లగా వంచు, ఒక చుక్క నూనె వెయ్యి. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది. తుప్పు పట్టి చాలా లింకులు అలాగే ఉంటే ఆ చైన్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అరుగుదల కొలవడానికి ఒక మంచి టేపు చాలు. చైన్‌లో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక పిన్ను మధ్య భాగాన్ని సున్నా దగ్గర పెట్టి చైన్‌ను బిగువుగా పట్టుకుంటే, అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. ఆ పిన్ను గీతను అంగుళంలో పదహారో వంతు, అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు దాటితే చైన్ మార్చే సమయం వచ్చినట్టే. ఎనిమిదో వంతు దాటితే ఆ చైన్ తనతో పాటు వెనక పళ్లను కూడా అరగదీసి ఉంటుంది. దీన్నే అందరూ చైన్ సాగడం అంటారు గానీ, నిజానికి ఇనుము సాగదు. పిన్నులూ, వాటి మీద కదిలే భాగాలూ కొద్దికొద్దిగా అరిగి, ఆ అరుగుళ్లన్నీ కలిసి పొడవుగా కనిపిస్తాయి. సాగిన చైన్‌కు, దానితో పాటే అరిగిన పళ్లకు పొత్తు కుదిరి చాలాకాలం నడుస్తాయి. చైన్ ఒక్కటే కొత్తదైతే ఆ పొత్తు చెడుతుంది, నాకు జరిగింది అదే. అందుకని పళ్లను శుభ్రంగా తుడిచి పక్క నుంచి చూడు: ఒక వైపుకు కొక్కెంలా వంగి, కొస పదునెక్కి ఉంటే క్యాసెట్‌ను, అంటే వెనక పళ్లచక్రాల గుత్తిని కూడా మార్చవలసిందే. పెడల్ దగ్గరున్న చిన్న పళ్లచక్రాన్ని మరచిపోవద్దు; ఎత్తుల్లో భారమంతా దాని మీదే పడుతుంది.

కేబుల్ విషయంలో ఒక గుర్తు చెబుతాను. పెద్ద పళ్ల మీదికి గేరు బాగానే ఎక్కి, చిన్న పళ్ల మీదికి దిగడానికి మాత్రం మొరాయిస్తే, తొడుగులో తుప్పు, మట్టి చేరి కేబుల్ ఆగుతున్నట్టు లెక్క. దాన్ని కేబుల్ బిగువు మార్చే సర్దుబాటు మరతో సరిచేయాలని గంటలు గడపవద్దు, కేబులూ తొడుగూ రెండూ మార్చు. అవి బాగుండి, పెద్ద పళ్ల మీదికి ఎక్కడానికి బద్ధకిస్తుంటే అప్పుడు ఆ మరను పావు చుట్టు చొప్పున బిగువు పెరిగే వైపు తిప్పుతూ, ప్రతిసారీ గేరు మార్చి చూడు. వెనక నుంచి చూసినప్పుడు డీరైలర్ పంజరం, అంటే ఆ చిన్న చక్రాలుండే చట్రం, పళ్లకు సమాంతరంగా లేకపోతే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందన్నమాట. బైకు ఎప్పుడైనా కుడివైపు పడిందేమో గుర్తు చేసుకో.

ఇంకొకటి కూడా ఉంది. చైన్ పళ్ల మీద కదలకుండానే పెడల్ ఖాళీగా ముందుకు జారుతుంటే, దోషం చైన్‌ది కాదు, పెడల్ ఆపినా వెనక చక్రం తిరుగుతూ ఉండేలా చేసే ఫ్రీవీల్ లోపలి కొక్కేలది. అన్ని గేర్లలోనూ ఒకేలా జారితే ముందు దీన్నే చూడు.

చైన్ మార్చవలసి వస్తే నీ వెనక పళ్ల వరుసలు లెక్కపెట్టుకుని వెళ్లు. 6, 7, 8 వరుసలకు సాధారణంగా ఒకే రకం చైన్ సరిపోతుంది. 9 వరుసలకు అంతకంటే సన్ననిది కావాలి. బిగించాక, చదునైన చోట కూర్చుని నెమ్మదిగా పోతూ, వెనక బ్రేకు కొద్దిగా నొక్కి పెట్టి పెడల్ మీద బలం పెంచు. ఒక్కొక్క గేరులో ఇలా చూశాకే ఎత్తు మీదికి వెళ్లు. ఏ గేరులో జారిందో, పెడల్ ఎన్ని చుట్లకొకసారి జారిందో రాసి పంపితే మిగతాది ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

నీ మేనమామ