కాల్లో రక్తం గడ్డకట్టాక ఫ్లైట్ ఎక్కొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 62 ఏళ్లు. ఆర్నెల్ల కిందట ఎడమ పిక్కలో రక్తం గడ్డకట్టింది, అప్పట్నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎసిట్రోమ్ మాత్ర వేస్కుంటోంది. ఇప్పుడు తమ్ముడి దగ్గరికి డాలస్ వెళ్తానంటోంది, పంపొచ్చా? ఆకుకూరలు పూర్తిగా మానేయమని చుట్టాలంతా భయపెడుతున్నారు.
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆమెని చూసే డాక్టర్ సరేనంటే నిశ్చింతగా పంపండమ్మా. వెళ్లేముందు ఐఎన్ఆర్ టెస్ట్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష, చేయించండి, మామూలుగా 2 నుంచి 3 మధ్య ఉండాలి, అక్కడికెళ్లాక కూడా ఈ టెస్ట్ ఆగకూడదు కాబట్టి ఎక్కడ చేయించాలో తమ్ముణ్ణి ఇప్పుడే కనుక్కోమనండి.

కాళ్లలోంచి రక్తాన్ని పైకి తోసేది పిక్క కండరాలే, గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే అవి పనిచేయవు, రక్తం అక్కడే నెమ్మదిస్తుంది, బస్సైనా కారైనా ఇంతే. అందుకే లేచి నడవడానికి వీలుగా దారి పక్క సీటు తీస్కోండి. కూర్చున్నప్పుడు మడమ ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమ పైకి, ఇలా అరగంటకోసారి చేయమనండి. నిద్రమాత్ర మాత్రం వద్దు.

ఆకుకూరలు మానక్కర్లేదు. పాలకూర, తోటకూరల్లోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది నిజమే, కానీ ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే ఇబ్బంది లేదు. నాకు అసలు భయం మోకాళ్ల నొప్పికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలంటేనే, ఎసిట్రోమ్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అవ్వొచ్చు.

మందులు, చీటీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే ఫ్లైట్‌లో సిబ్బందికి వెంటనే చెప్పాలి, డాలస్‌లో అయితే 911కి ఫోన్ చేయాలి.